రీలు, నీళ్లు, ఉక్కపోత: డిజిటల్ నుంచి మళ్లీ ఫిల్ముకి

(విజయనగరంలో ఫొటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలూ ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో పెద్దవాళ్లున్నారు. స్టూడియోల్లో ఏళ్ల తరబడి రీళ్లు కడిగిన, అంటే మందుల్లో ముంచి బొమ్మ తేల్చిన చేతులు అవి. వాళ్ల ముందు హైపో (తేలిన బొమ్మని నిలబెట్టే మందు) గురించి చెప్పడమంటే పొందూరు వెళ్లి నూలు వడకడం నేర్పినట్టే. కాకపోతే వెనక కూర్చున్న కుర్రాళ్లకి రీలంటే ఫోనులో అర నిమిషం వీడియో. ఈ మాటలు వాళ్ల కోసం. ఎక్కడైనా తప్పితే పెద్దలు చెయ్యెత్తి ఆపండి.

మీరంతా డిజిటల్లో చెయ్యి తిరిగినవాళ్లే. ఎపర్చరంటే ఏమిటో, షటరంటే ఏమిటో మళ్లీ చెప్పను. ఫిల్ముకి మారితే వెలుతురు గురించి కొత్తగా నేర్చుకోవలసింది ఒక్కటే, అది కాసేపట్లో వస్తుంది. మిగతాదంతా వేడి, తేమ, నీళ్లు. పుస్తకాలూ వీడియోలూ చెప్పే కడుగుడు లెక్కలు దాదాపుగా 20 డిగ్రీల నీళ్లకి రాసినవి. మే నెల మధ్యాహ్నం మన మేడ మీద ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. ఆ లెక్కని ఈ నీళ్లకి అప్పజెప్పి, నెగెటివు నల్లగా మాడిపోయాక కెమెరాని తిట్టుకుంటే లాభం లేదు. అందుకే ఇవాళ కెమెరా గురించి తక్కువ మాట్లాడతాను, బకెట్ గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందు కెమెరా. పాతది కొనాలని పరిగెత్తకండి, మీ దగ్గరున్న లెన్సులు చూసుకోండి. కెనాన్ ఈఎఫ్ లెన్సులుంటే ఆ కంపెనీ పాత ఈఓఎస్ ఫిల్ము బాడీ ఏదైనా వాటిని యథాతథంగా తీసుకుంటుంది, ఆటోఫోకస్ సహా. ఈఎఫ్-ఎస్ లెన్సులు మాత్రం పనికిరావు, అవి చిన్న సెన్సారుకి చేసినవి. నికాన్ వాళ్లకి ఎఫ్80, ఎఫ్100 బాడీల మీద జి లెన్సులు కూడా పనిచేస్తాయి. అదే జి లెన్సు ఎఫ్ఎం2కి తగిలిస్తే, దానికి ఎపర్చర్ రింగు లేదు కాబట్టి ఎపర్చర్ మీ చేతిలో ఉండదు. పూర్తిగా చేత్తోనే నడపాలనుకునేవాళ్లకి పెంటాక్స్ కె1000, ఎఫ్ఎం2, ఎఫ్ఎం10 ఉన్నాయి. వీటిలో బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే, అది చచ్చినా షటరు కొడుతుంది. కెనాన్ ఏఈ-1 అలా కాదు, బ్యాటరీ లేకపోతే కదలదు. అందం చూసి అది కొన్నవాళ్లు జేబులో ఇంకో బ్యాటరీ పెట్టుకోవాలి.

కొనేటప్పుడు నాలుగు చోట్ల చూడండి. వెనక తలుపు తెరిస్తే గాడిలో నల్లటి స్పాంజి ఉంటుంది. గోటితో తాకితే తారులా అంటుకుంటోందంటే అది మార్చాల్సిందే. లేకపోతే వెలుతురు చొరబడి ఫ్రేముల మీద నారింజ రంగు చారలు వస్తాయి. తర్వాత షటరు ఒక సెకనుకి పెట్టి కొట్టి, నోటితో ఒకటి లెక్కపెట్టండి. లోపల గ్రీసు గడ్డకట్టి ఉంటే అది రెండు సెకన్లు ఈడుస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. మీటరు సంగతా, నీడ పడిన గోడకి పెట్టి మీ డిజిటల్ కెమెరాతో పోల్చండి. ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపో సగమో) తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే పర్వాలేదు, ఐఎస్ఓ చక్రం అంత జరిపి సరిపెట్టుకోవచ్చు. ఒక్కో గోడకి ఒక్కోలా చెబితే ఆ మీటరుని మరిచిపోండి. చివరిది లెన్సు. ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోను టార్చి వేసి చూడండి. సాలెగూడులా దారాలు కనిపిస్తే ఫంగస్. మన తీరంలో చేతులు మారిన లెన్సుల్లో ఇది మామూలే. అంచున చిన్న మచ్చ బొమ్మని పాడుచెయ్యదు గానీ, ఆ లెన్సుని మంచి లెన్సుల పక్కన పెట్టకండి.

రీలు ఎక్కించడం చూడ్డానికి తేలికే గానీ, రీలు మొత్తం ఖాళీగా రావడానికి అసలు కారణం ఇక్కడే ఉంటుంది. కొసని టేకప్ స్పూలు (ఫిల్ము చుట్టుకునే ఇరుసు) గాడిలో దూర్చి, అంచు రంధ్రాలు పైనా కిందా పళ్లకి తగిలేదాకా తిప్పండి. తలుపు మూశాక రివైండు పిడిని బాణం దిక్కుగా నెమ్మదిగా తిప్పి, రీలులో వదులు తీసెయ్యండి. ఇప్పుడు లీవరు తిప్పుతుంటే రివైండు పిడి కూడా వెనక్కి తిరగాలి. తిరగలేదంటే ఫిల్ము జారిపోయింది. కౌంటరు మాత్రం దర్జాగా 36 దాకా లెక్కపెడుతూనే ఉంటుంది. 36 దాటి 40 వచ్చినా ఇంకా తిరుగుతోందంటే సంబరపడకండి, లోపల ఏమీ కదల్లేదని అర్థం. చివర్లో లీవరు బిగిస్తే బలం చూపించకండి. ఫిల్ము డబ్బీలోంచి ఊడిపోతే చీకటి గదిలో తప్ప తలుపు తెరవలేరు.

ఇప్పుడు వెలుతురు గురించి ఆ ఒక్క మాట. డిజిటల్లో తెలుపు కాలిపోతే తిరిగి రాదు కాబట్టి మీరు కాస్త తక్కువ ఎక్స్‌పోజు చేసి, తర్వాత కంప్యూటర్లో నీడల్ని పైకి లేపుతారు. ఆ చేతివాటం నెగెటివు మీద విషం. నెగెటివులో నీడ పడిన చోట వెలుతురు తగినంత తగలకపోతే అక్కడ వెండి ఏర్పడదు, ఒట్టి గాజులాంటి ఫిల్మే మిగులుతుంది. అక్కడినుంచి లేపడానికి ఏమీ లేదు. తెల్లటి చోట మాత్రం ఒకటి రెండు స్టాపులు ఎక్కువ తగిలినా వివరం ఉంటుంది. కాబట్టి డిజిటల్లో తెలుపుని కాపాడినట్టు ఇక్కడ నలుపుని కాపాడాలి. కలర్ నెగెటివు 200 రీలైతే మీటరు చక్రం 100 మీద పెట్టినా నష్టం లేదు, లాభమే. నెగెటివు కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడు ఫిల్ముకి ఇది వర్తించదు. దాన్ని డిజిటల్లాగే చూడండి, అర స్టాపు ఎక్కువైనా తెలుపు పోతుంది.

ఐఎస్ఓ ఫ్రేము ఫ్రేముకీ మారదు, రీలంతటికీ ఒకటే. పగలు 400 వేసుకుని బయల్దేరితే సాయంత్రం దాకా దానితోనే కాపురం. ఏ రీలు వేశారో చిన్న కాగితం మీద రాసి కెమెరా వెనక అంటించండి. పదిరోజుల తర్వాత గుర్తుండదు.

మీటరు లేకుండా నడవాలంటే పాత లెక్కొకటుంది. నడినెత్తిన ఎండ, నీడలు పదునుగా ఉంటే ఎపర్చరు 16, షటరు వేగం ఐఎస్ఓ అంకెకి దగ్గరది. 200 రీలుకి 1/250, 400 రీలుకి 1/500. పల్చటి మబ్బు కమ్మి నీడ అంచులు మెత్తబడితే 11. నీడ అసలు లేకపోతే 8. వానాకాలం ముసురైతే 5.6. ఉద్దానం కొబ్బరితోటలో చెట్ల కిందికి వెళ్తే 4, ఆకులు దట్టంగా ఉంటే ఇంకా తెరవాలి. కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చల్ని చూసి మోసపోకండి. మొహం నీడలో ఉంటే నీడకే లెక్క వెయ్యండి, మచ్చల్ని నెగెటివు చూసుకుంటుంది.

మీటరు ఎక్కడ మోసం చేస్తుందో మన ఊరి ఉదాహరణతోనే చూద్దాం. సిరిమానోత్సవం. దసరా తర్వాత మంగళవారం మధ్యాహ్నం దాటాక, మూడు లాంతర్ల దగ్గరినుంచి కోట వైపు సిరిమాను కదులుతుంది. మాను కొసన పూజారి గారు కూర్చుంటారు, వెనకంతా ఆకాశం. కెమెరా పైకెత్తి మీటరు చూస్తే అది తెల్లటి మబ్బుని కొలుస్తుంది. ఏ మీటరైనా తను చూసేదంతా మధ్యరకం బూడిదరంగు అనే అనుకుంటుంది. ఫలితంగా ఆకాశం బూడిదరంగులో, పూజారి గారు నల్లటి బొమ్మలా వస్తారు. డిజిటలైతే తెర మీద చూసుకుని సర్దుకుంటారు. ఇక్కడ అది వారం తర్వాత తెలుస్తుంది, సిరిమాను మళ్లీ ఏడాదికి గానీ రాదు. అందుకని ముందే అదే వెలుతురులో నిలబడి మీ అరచేతికి మీటరు పెట్టండి. అరచెయ్యి బూడిదరంగు కన్నా ఒక స్టాపు తెల్లన, కాబట్టి మీటరు చెప్పినదానికి ఒక స్టాపు ఎక్కువ తెరవండి. 1/500, 8 అని చెబితే 1/500, 5.6. అది పెట్టాక ముల్లు ఏం చెప్పినా పట్టించుకోకండి. ఎండ తగ్గుతుంటే పావుగంటకోసారి అరచెయ్యి చూసుకుంటే చాలు. పొందూరు ఖద్దరు కట్టుకున్న పెద్దాయన్ని దగ్గరగా తీసినా, కళింగపట్నం ఇసుక మీద తీసినా ఇదే లెక్క. తెలుపు ఎక్కువున్న చోట ఒకటి ఒకటిన్నర స్టాపు కలపాలి.

పెద్దచెరువు గట్టున రాత్రిపూట స్టాండు మీద పెట్టి తీసేవాళ్లకి ఇంకో చిక్కు. సెకను దాటితే ఫిల్ము బద్ధకిస్తుంది. ఇల్ఫర్డ్ కంపెనీ నలుపు తెలుపు ఫిల్ము హెచ్‌పీ5 మీద మీటరు 10 సెకన్లంటే 20 ఇవ్వాలి, 30 అంటే దాదాపు 86. ఇది తెలియక రాత్రి బొమ్మలన్నీ పల్చగా వస్తుంటాయి.

సముద్రం ఒడ్డున రీలు మార్చకండి. డబ్బీ నోటి దగ్గర నల్లటి మఖమల్ గుడ్డ ఉంటుంది. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా ఒకటే గీత, రూళ్లకర్రతో గీసినట్టు. కారులోకో, గోడ చాటుకో వెళ్లి మార్చుకోండి.

ఇక తేమ. వాడని రీళ్లు ఫ్రిజ్జులో పెట్టొచ్చు, జిప్పు కవరులో గాలి తీసేసి. బయటికి తీసిన వెంటనే డబ్బా తెరవకూడదు. మన గాలిలో ఉన్న తేమకి చల్లటి ఫిల్ము మీద చెమట పడుతుంది, అది మచ్చలై మిగులుతుంది. కవరు విప్పకుండా గంటన్నర, రెండు గంటలు బయట ఉంచండి. స్కూటరు డిక్కీలో, ఎండలో ఆగిన కారులో రీళ్లు వదిలెయ్యడం కన్నా ఫ్రిజ్జు లేకపోవడమే నయం. తీసిన రీలుని నెలల తరబడి అలమర్లో పెట్టడం ఇంకో తప్పు. వెలుతురు తగిలాక కడిగేదాకా ఆ బొమ్మ కనబడకుండా వేడికి నెమ్మదిగా చెదిరిపోతుంటుంది. వేసవిలో తీసింది వేసవిలోనే కడిగించండి. కెమెరాకి తోలు కవరు వద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, అందులో 100 గ్రాముల సిలికా జెల్, పదిహేను వందల రూపాయల లోపు దొరికే తేమ మీటరు చాలు. ముల్లు 40కీ 50కీ మధ్య ఉండాలి. గింజల రంగు మారితే మూకుట్లో సన్నసెగ మీద వేయించి మళ్లీ వాడుకోవచ్చు. ఆ మూకుడు మాత్రం మళ్లీ వంటకి వాడకండి.

ఇప్పుడు బకెట్ దగ్గరికి వద్దాం.

నలుపు తెలుపు ఇంట్లో కడగొచ్చు. డార్క్ రూము అక్కర్లేదు, చేతులు దూర్చే నల్లసంచీ, కడిగే ట్యాంకు ఉంటే చాలు. మన దగ్గర మొదటి దెబ్బ ఆ సంచీలోనే తగులుతుంది. ఉక్కలో చేతులు చెమట పడతాయి, సంచీ లోపల ఆవిరి పడుతుంది, ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ స్పైరల్ మీద ఫిల్ము ఉబ్బి ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నదాన్ని బలంగా తోస్తే మడత పడి, బొమ్మ మీద నెలవంకల్లాంటి మచ్చలొస్తాయి. కాబట్టి స్పైరల్‌ని ముందురోజే కడిగి ఎండలో ఆరబెట్టండి. ఫిల్ము కొసని గుండ్రంగా కత్తిరించండి, మూలలు తగలకుండా. తెల్లవారుజామున గానీ, ఏసీ ఉన్న గదిలో గానీ ఎక్కించండి. మధ్యలో చెమట పడితే ఫిల్ముని ట్యాంకులో వేసి మూత పెట్టి, చేతులు బయటికి తీసి తుడుచుకుని పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టండి. తొందరేం లేదు. ముందు పాడైన రీలుతో కళ్లు తెరిచి పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు ఎక్కించాకే అసలుది ముట్టుకోండి.

డెవలపరంటే బొమ్మని తేల్చే మందు. డి-76 అనే డెవలపరు పొడి దొరికితే కొనుక్కోండి. దొరక్కపోతే విడి రసాయనాలతో కలపొచ్చు, లీటరుకి లెక్క ఇది: మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ముప్పావు లీటరు నీళ్లు 52 డిగ్రీలకి కాచి, ఈ వరసలోనే వేసి కలిపి, చివర్లో చల్లటి నీళ్లతో లీటరు చెయ్యండి. మొదట చిటికెడు సల్ఫైట్ వేశాకే మెటాల్ వెయ్యాలి. ఆ చిటికెడు లేకపోతే మెటాల్ గాలికి పాడవుతుంది. సల్ఫైట్ మొత్తం ముందే వేసేస్తే మెటాల్ కరగనంటుంది. తూకానికి 0.1 గ్రాము చూపించే బంగారం తూకపు కాటా కావాలి, వంటింటి కాటా చాలదు. మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, తొడుగులు వేసుకోండి. ఒక రాత్రి ఆగి వాడండి. సీసా నిండుగా, మూత గట్టిగా ఉంటే ఆరు నెలలుంటుందంటారు గానీ, మన వేడిలో అంతదాకా నమ్మొద్దు. టీ రంగులోకి తిరిగితే పారబొయ్యండి.

హెచ్‌పీ5 రీలుకి డి-76 సగం, నీళ్లు సగం కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. పుస్తకం మాట అది. మన దగ్గర 20 కోసం కుస్తీ పట్టకండి, 24 ఎంచుకోండి. అక్కడ 9 నిమిషాలు. ఇక 30 డిగ్రీల నీళ్లతోనే కానిచ్చేస్తే 5 నిమిషాల లోపే అయిపోతుంది. అంత తక్కువ సమయంలో డెవలపరు పోసే పది సెకన్లు, పారబోసే పది సెకన్లు కూడా లెక్కలోకొచ్చి, ఆకాశం మీద మేఘాల్లేని చోట కూడా మేఘాలు కడతాయి.

(సభలో ప్రశ్న: అయితే ఐసు ముక్కలు సరాసరి ట్యాంకులోనే ఏసేత్తే ఏటవుద్ది గురూగారూ?)

డెవలపరు పల్చబడిపోతుంది బాబూ. ఎంత పల్చబడిందో తెలియదు కాబట్టి ఎన్ని నిమిషాలో కూడా తెలియదు. ఐసు బయటే ఉండాలి. లీటరు నీళ్ల సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి రాత్రి ఫ్రీజరులో పెట్టండి. నిండా పోస్తే పగులుతుంది. పది లీటర్ల బకెట్లో 32 డిగ్రీల నీళ్లని 24కి దించడానికి ముప్పావు కిలో ఐసు సరిపోతుంది, ఆ ఒక్క సీసా అన్నమాట. ఇంకోటి సిద్ధంగా ఉంచుకోండి. డెవలపరు, ఫిక్సరు (హైపోతో చేసే, బొమ్మని నిలబెట్టే మందు), కడగడానికి నాలుగైదు లీటర్ల నీళ్లు, అన్నీ సీసాల్లో పోసి ఆ బకెట్లోనే నిలబెట్టండి. ముఖ్యం ఏమిటంటే అన్నీ ఒకే వేడి మీద ఉండాలి. 24లో డెవలపరు పోసి 33 డిగ్రీల కుళాయి కింద కడిగితే ఫిల్ము మీది జిగురు పొర ఒక్కసారిగా సాగి సన్నటి ముడతలు పడుతుంది, ఎండిన చెరువు బీటల్లాగ. తేడా రెండు డిగ్రీలు దాటనివ్వకండి. థర్మామీటరుని నమ్మేముందు నలగ్గొట్టిన ఐసు నీళ్లలో ముంచి చూడండి, సున్నా చూపించాలి.

ఒక 35 ఎంఎం రీలుకి మామూలు ప్లాస్టిక్ ట్యాంకులో 290 మిల్లీలీటర్లు, వెడల్పాటి 120 రీలుకి 500. పోశాక ట్యాంకు అడుగుని బల్ల మీద టకటకా కొట్టండి, గాలి బుడగలు ఊడాలి. లేకపోతే బుడగ ఉన్న చోట గుండ్రటి మచ్చ. మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేసి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. ఉత్సాహం కొద్దీ గిలక్కొట్టేవాళ్లకి అంచు రంధ్రాల దగ్గర చారలు వస్తాయి. సమయం ముగియడానికి పది సెకన్ల ముందు పారబొయ్యడం మొదలెట్టండి. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, ఫిక్సరు పొయ్యండి.

ఫిక్సరు సమయం ఎవరినీ అడగక్కర్లేదు. కత్తిరించిన కొస ముక్కని ఫిక్సరులో వేసి గడియారం చూడండి. పాలలా ఉన్నది తేటపడటానికి ఎంత పట్టిందో దానికి రెట్టింపు, అంతే. కొత్త ఫిక్సరుతో పట్టిన దానికి రెట్టింపు పట్టే రోజున దాన్ని మార్చెయ్యండి. హైపో పలుకులు కరిగించుకునేవాళ్లు గోరువెచ్చటి నీళ్లతో మొదలెట్టాలి, ఎందుకంటే హైపో కరుగుతూ నీళ్లని చల్లబరుస్తుంది. ఆ పని డెవలపరుకి చెయ్యకపోవడం మన దురదృష్టం. [నవ్వులు]

కడగడానికి కుళాయి విప్పి అరగంట వదలక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు, పారబోసి మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇల్ఫర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి, లీటరు నీళ్లలో అయిపోతుంది. చివరి తడుపు మాత్రం బోరు నీళ్లతో వద్దు. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువైన చోట ఆరాక తెల్లటి మచ్చలు అంటుకుంటాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. ఆసిడ్ సీసా కాదు, చూసి తెచ్చుకోండి. అందులో తడిపే మందు (వెట్టింగ్ ఏజెంట్) 200 వంతులకి ఒక వంతు, అంటే పావు లీటరుకి మిల్లీలీటరున్నర లోపు. నురగ వస్తే ఎక్కువైనట్టు.

ఆరబెట్టేది బాత్రూములో. ముందు షవరు రెండు నిమిషాలు విప్పి కట్టేస్తే దుమ్ము దిగుతుంది. ఫ్యాను వెయ్యకండి. కిందన బట్టల క్లిప్పు బరువుకి. వానాకాలంలో మూడు నాలుగు గంటలైనా పడుతుంది, ఆరేదాకా ముట్టకండి. ఇంకో సంగతి, ఇది ఏ విదేశీ పుస్తకంలోనూ ఉండదు: తొలకరి రాత్రుల్లో బాత్రూము లైటు ఆర్పెయ్యండి. ఈసుళ్లు వచ్చి తడి ఫిల్ము మీద వాలితే రెక్కలతో సహా అంటుకుపోతాయి.

కలర్ నెగెటివు సంగతి తమాషాగా ఉంటుంది. దాని డెవలపరు 37.8 డిగ్రీల దగ్గర ఉండాలి, 3 నిమిషాల 15 సెకన్లు. చలిదేశాల వాళ్లు ఆ వేడి నిలబెట్టడానికి హీటర్లు కొంటారు. మనకి మే నెలలో బకెట్ నీళ్లు సగం దారిలో ఉంటాయి, ఒక చెంబు వేడినీళ్లు కలిపితే చాలాసేపు అక్కడే నిలబడతాయి. కానీ ఇక్కడ చూసీచూడనట్టు పోవడం కుదరదు. మూడు రంగు పొరలు ఒకేసారి తయారవాలి. డిగ్రీ తేడా వచ్చినా ఒక పొర ముందుకీ ఇంకోటి వెనక్కీ పోయి, నీడల్లో ఒక రంగు, తెలుపులో ఇంకో రంగు తేలుతుంది. నలుపు తెలుపు పది రీళ్లు కుదిరాక దీనికి రండి. అప్పటిదాకా లాబుకి పంపించండి. పంపేముందు అడగాల్సినవి: వారానికి ఎన్ని రీళ్లు కడుగుతారు, నెగెటివు వెనక్కి ఇస్తారా, స్కాను ఎన్ని పిక్సెళ్లు. వారానికి రెండు రీళ్లు కడిగే చోట మందు నిలవ ఉండి పాడవుతుంది. దూరమైనా పని ఎక్కువున్న చోటికే పంపండి.

చవగ్గా దొరుకుతోందని సినిమా ఫిల్ముని డబ్బీల్లో చుట్టి అమ్ముతున్నారు, జాగ్రత్త. దాని వెనక బొగ్గు పూతుంటే మామూలు లాబుకి ఇవ్వకూడదు. ఆ మసి యంత్రమంతా పాకి మీ రీలుతో పాటు ఇంకో పెళ్లివాళ్ల రీళ్లు కూడా పాడవుతాయి. వంటసోడా కలిపిన నీళ్లలో నానబెట్టి ఆ పూత తీసి, దానికి వేరే మందుతో కడిగేవాళ్లుంటారు. ముందే చెప్పి ఇవ్వండి.

(ప్రశ్న: రీలు పాడైతే తప్పు తీసినవాడిదా కడిగినవాడిదా, ఎలా తెలుస్తుందండీ?)

మంచి ప్రశ్నమ్మా. స్టూడియోల్లో సగం తగాదాలు దీని మీదే. అంచున కంపెనీ పేరు, ఫ్రేము అంకెలు చూడండి. అవి కంపెనీలోనే వెలుతురుతో రాసినవి, మీ కెమెరాకి సంబంధం లేదు. అంకెలు నల్లగా స్పష్టంగా ఉండి బొమ్మలు పల్చగా ఉంటే తీసినవాళ్లు వెలుతురు తక్కువిచ్చారు. అంకెలే పల్చగా ఉంటే కడిగేటప్పుడు డెవలపరు చాలలేదు. అంకెలు బాగున్నాయి, బొమ్మ ఒక్కటీ లేదంటే ఫిల్ము కెమెరాలో కదల్లేదు. అంకెలు కూడా లేకుండా ఒట్టి గాజులా ఉంటే డెవలపరుకి ముందే ఫిక్సరు పోశారు. సీసాల మీద పేరు పెద్దగా రాసుకోనివాళ్ల పని అది. పాలలా మసకగా ఉంటే ఫిక్సరు చాలలేదు. అది మాత్రం ఇప్పటికీ దిద్దుకోవచ్చు, మళ్లీ కొత్త ఫిక్సరులో వేస్తే తేటపడుతుంది. లేత ఊదారంగు కనిపిస్తే కంగారొద్దు, ఇంకొంచెం కడిగితే పోతుంది.

స్కానుకి మీ డిజిటల్ కెమెరానే వాడుకోండి. మాక్రో లెన్సు, వెనక తెల్లటి ఎల్ఈడీ పలక, ఫిల్ము చదునుగా పట్టే చట్రం. పలక చవకదైతే రంగులు సరిగా రావు, రంగుల నాణ్యత చెప్పే సీఆర్ఐ అంకె 95 పైనున్నది తీసుకోండి. గది దీపాలు ఆర్పెయ్యండి, కెమెరా తెరా ఫిల్మూ సమాంతరంగా ఉన్నాయో లేదో చిన్న అద్దం పెట్టి చూసుకోండి. ఫ్లాట్‌బెడ్ స్కానరుకి పెట్టి 2400 డీపీఐ అంటే ఒక ఫ్రేము దాదాపు 3400 బై 2270 పిక్సెళ్లు. ఆల్బమ్ ప్రింటుకి చాలు.

వాడేసిన ఫిక్సరు గురించి ఇంకా ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. అందులో వెండి కరిగి ఉంటుంది. కాలవలోకీ, చెరువులోకీ పొయ్యకండి, చేపలకి పనికిరాదు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, గిన్నెలు తోమే ఇనుప పీచు వేసి వారం ఉంచితే వెండి నల్లటి బురదగా అడుగుకి దిగుతుంది. ఇనుప పీచంటే ఇనుపదే, స్టెయిన్‌లెస్ స్టీలు పీచు పనిచెయ్యదు. నలుగురైదుగురు కలిసి ఒకే డబ్బాలో పోగుచేస్తే వెండి తీసేవాళ్లకి ఇవ్వొచ్చు.

పెద్దలకి చివరిగా ఒక పని. మీ స్టూడియోల అటకల మీద పాత నెగెటివులు ఉంటాయి. ఊటీలో 1960లో పెట్టిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు ఫిల్ము కూడా వాటిలో ఉండొచ్చు. ఊళ్లో పెళ్లిళ్లు, వీధి నాటకాలు, తప్పెటగుళ్లు, తుపాను తర్వాత కూలిన ఇళ్లు, అన్నీ అందులోనే. ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకీ కుళ్లి వెనిగరు వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. ఆ ఆవిరి పక్కనున్నవాటికీ అంటుతుంది. అందుకని డబ్బాలు తెరిచి ముందు వాసన చూడండి. పుల్లటి వాసన వచ్చినవి వేరే డబ్బాలోకి తీసి, వాటినే ముందు స్కాను చెయ్యండి. పీవీసీ కవర్లలో ఉన్నవి పాలిప్రొపిలీన్ కవర్లలోకి మార్చండి. ముడుచుకున్నవాటిని వంచి సరిచెయ్యొద్దు, పొర ఊడి వస్తుంది.

ఆ మూడో వరసలో బిస్కెట్ డబ్బా పట్టుకుని కూర్చున్న పెద్దాయన, దాన్నిలా బల్ల మీదికి తెస్తారా? మూత మెల్లగా తీయండి. ఫ్యాను కట్టెయ్యండెవరైనా.